మంజులక్క దిద్దిన పేజీ

మొన్న కామారెడ్డి బస్టాండులో ఒకావిడ తడి తునికాకు మూట, తంబాకు పొట్లం ఒళ్లో పెట్టుకుని నా పక్కన కూర్చుంది. ఆ పచ్చివాసనలో తంబాకు ఘాటు కలిసి ముక్కుకు తగలగానే మంజులక్క గుర్తొచ్చింది. ఆమె కథలు మీరు చదివి ఉండవచ్చు. ట్రాన్స్‌జెండర్ల తరఫున ఆఫీసుల చుట్టూ తిరిగే మనిషిగా పేపర్లో ఫోటో చూసి ఉండవచ్చు. నేను మాత్రం ఆమెను బీడీలు చుట్టే ఆడవాళ్ల మధ్య, చెవి సందున పెన్సిల్ దోపుకుని కూర్చున్న మనిషిగానే ఎరుగుదును.

ఇంటర్ అయ్యాక ఎల్లారెడ్డిలో మా వాకిట్లోనే అమ్మతో, వాడకట్టు ఆడవాళ్లతో కలిసి నేనూ బీడీలు చుట్టేదాన్ని. అక్క కామారెడ్డిలో అద్దె గదిలో ఉండేది. ఆ గది దొరకడానికి ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగిందో ఆమెకే తెలియాలి. వారమంతా తనలాంటి వాళ్లకు ఇండ్ల కోసం, ఆస్పత్రిలో ఆడవాళ్ల వరుసలో చోటు కోసం కొట్లాడేది. ఆదివారం బస్సెక్కి మా వాకిట్లోకి వచ్చి, కొత్తగా రాసింది చదివేది. ఎక్కడ మా చేతులు ఆగితే ఆ మాటలు ఉంచేది, ఆగకపోతే పెన్సిల్‌తో కొట్టేసేది. చదువుకున్నవాళ్లకు చూపించొచ్చు కదా అంటే నవ్వేది.

"వాళ్లు మంచిగున్నదంటరు, ఊకుంటరు. మీ చేతులకు అబద్ధమాడ రాదు."

మాలో పోశవ్వ ఒకతి. అక్కను కన్నతల్లి. కొడుకనుకుని పెంచిన పిల్ల చీర కట్టిందని ఇంట్లోంచి వెళ్లగొట్టిన మనిషి. అక్క వస్తే తలెత్తేది కాదు, కొడుకా అని గానీ బిడ్డా అని గానీ పిలిచేది కాదు. అయినా ఏ ఆదివారమూ రాకుండా ఉండలేదు. అక్క కథల కోసం వస్తున్నానని చెప్పేది గానీ, ఎవరి కోసం వస్తోందో వాడకట్టుకంతా తెలుసు. ఎంత మంచి కథకైనా పోశవ్వ చెయ్యి ఆగేది కాదు. నా నోరేమో ఊరుకోదు. "అక్కా, పోశవ్వను నమ్ముకుంటే నీ పుస్తకమంత కొట్టేసుడే," అన్నాను ఒకసారి. అందరితో పాటు అక్కా నవ్వింది, కానీ ఆ పూట తొందరగా వెళ్లిపోయింది.

పుస్తకం అచ్చుకు పోయే ముందు ఒక పేజీ మిగిలింది. తనను ఇంట్లోంచి పంపేసిన రోజు గురించి రాసింది అది.

"అచ్చయినంక ఇన్నదంటే మా అవ్వ మల్ల ఈ వాకిట్లకు రాదు. ముందుగాలనే ఇనిపిస్త. వద్దంటే తీసేస్త," అంది నాతో. ఆ పేజీ లేకపోతే ఆ పుస్తకమే లేదని మా ఇద్దరికీ తెలుసు.

ఆ ఆదివారం అక్క ఆ పేజీ చదివింది. బట్టల సంచీ బయట పడటం, లోపల గొళ్లెం పెట్టిన చప్పుడు, ఎంత పిలిచినా తలుపు వెనక నుంచి ఏ అలికిడీ రాకపోవడం. మా అందరి చేతులూ ఆగిపోయాయి. పోశవ్వ చుడుతూనే ఉంది. ఆ ముసలిదాని మీద నాకు పీకల దాకా కోపం వచ్చింది.

"తప్పు రాసినవ్," అంది పోశవ్వ, చదవడం అయిపోయాక.

"ఏంది తప్పు?" అంది అక్క.

"గొళ్లెం పెట్టింది నేనే. అది నిజమే. గాని సప్పుడు రాలేదంటివి. నోట్ల కొంగు కుక్కుకుంటి. నీకెట్ల ఇనబడ్తది?"

అప్పుడు చూశాను. ఆమె చేతిలో ఆకు సగమే చుట్టి ఉంది, తంబాకు చాటలోకి రాలిపోతోంది.

"అది గూడ రాయి, బిడ్డా," అంది.

అక్క చెవి తడుముకుంది. పెన్సిల్ చేతికి తగిలినా తీయలేకపోయింది. నేనే తీసిచ్చాను.

పుస్తకంలో ఆ పేజీ ఉంది, గొళ్లెమూ కొంగూ రెండూ ఉన్నాయి. నిరుడు అక్క జ్వరంతో పోయింది. నేనిప్పుడు కామారెడ్డిలో ఒక పత్రికలో పనిచేస్తున్నాను. ఎవరి గురించి రాసినా వాళ్లకు చదివి వినిపించకుండా పంపను. ఆఫీసులో దీన్ని చాదస్తం అంటారు, అననీ. అక్క గురించి రాసిన ఇది కూడా ఎల్లారెడ్డి పోయి పోశవ్వకు చదివాను. నేను మొదలుపెట్టకముందే ఆమె చాట పక్కన పెట్టేసింది. అంతా వింది.

"నేను బిడ్డా అన్నకాడ మల్లొకసారి సదువు," అంది.

చదివాను.