పొద్దుపొడుపు నాది కాదట

మా అత్తింటివాళ్లు నన్ను పొద్దుటి ఫొటోలు పంపొద్దన్నారు. సాయంత్రంవి పంపుకోమన్నారు. సూర్యుడు లేచేది వాళ్లకు, మునిగేది నాకు. అత్తగారి గిన్నెలు పంచుకున్నప్పుడు కూడా ఇంత తేలిగ్గా తేల్చలేదు వీళ్లు.

కోపంగానే చెబుతున్నాను, ఇది రాసిపెట్టేవాళ్లను కోపం తీసేయకుండా రాయమన్నాను. నాకు రాయడం రాదు. సంతకం పెడతాను, బస్సు మీద బోర్డు కూడబలుక్కుంటాను, బ్లౌజు కొలతల అంకెలు వేస్తాను. అంతే నా చదువు. రాయడం వచ్చినవాళ్లు ఫోనులో "బాగున్నారా" అని టైపు కొడతారు. నాకు రాదు కాబట్టి ఫొటో పంపుతాను. నా ఫొటో అంటే నా మాట. అది వద్దన్నారంటే నోరు మూసుకోమన్నట్టే.

మా ఆయన టైలరు. పంజాగుట్ట వెనక గల్లీలో మేముండే గదే దుకాణం. అమీర్‌పేటలో చీర కొని, మ్యాచింగ్ సెంటర్లో బ్లౌజు ముక్క కోయించుకున్న ఆడవాళ్లు మా దగ్గరికి వచ్చేవాళ్లు. దారం ఎంచడంలో ఆయన మహా మొండి. ట్యూబులైటు కింద ఎంచేవాడు కాదు. "లైటు అబద్ధమాడ్తదే, పొద్దు ఆడది," అనేవాడు. పొద్దున్నే గడప దిగి, బట్ట మీద దారప్పోగు పరిచి చూసేవాడు. పోగు బట్టలో కలిసి కనబడకుండా పోతేనే ఆ రీలు మిషను ఎక్కేది. ఎదురుగా ఐదంతస్తుల హాస్టలు లేచాక మా గడపకు ఎండ రావడం తొమ్మిది దాటింది. ఆ రోజు నుంచి ఆయన రీళ్లు, గుడ్డ ముక్కలు సంచిలో వేసుకుని, సోమాజిగూడ మీదుగా నెక్లెస్ రోడ్డుకు, హుసేన్‌సాగర్ గట్టుకు నడిచి వెళ్లి దారం ఎంచుకొచ్చేవాడు. "దారం కోసం చెరువుకాడికి పోయే మనిషిని నిన్నే చూసిన," అని నేను నవ్వేదాన్ని. మూడేళ్ల కింద మిషను మీదే తల వాల్చాడు. పాదం పెడలు మీదే ఉంది.

ఆ తరువాత నెలల తరబడి నేను గడప దాటలేదు. దాటనిచ్చేవాళ్లూ లేరు. కడుపు ఊరుకోదు కదా, మళ్లీ మిషను ముందు కూర్చున్నాను. మొదటి బ్లౌజుకు ట్యూబులైటు కిందే దారం ఎంచాను. దాన్ని వేసుకోవాల్సినామె వీధిలో నిలబడి కుట్టు చూపించింది. ఆకుపచ్చ బట్ట మీద దారం తెల్లగా పళ్లికిలించినట్టు కనబడుతోంది. మర్నాడు చీకటి విడవకముందే ఆయన సంచి భుజాన వేసుకుని నేనే గట్టుకు వెళ్లాను.

అక్కడ చూశాను. నీళ్ల అవతల ట్యాంక్‌బండ్ వెనక ముందు పాత పట్టుచీర అంచులాంటి మసక ఎరుపు, తరువాత నారింజ, తరువాత ఉన్నట్టుండి సూర్యుడు. నీళ్ల నడుమ బుద్ధుడు నల్లగా నిలబడి ఉన్నాడు. నీళ్లు కంపు కొడుతున్నాయి, అదీ చెప్పాలి. ఎంత కంపైనా నాకు ఎవరికైనా చూపించాలనిపించింది. చూపించడానికి మనిషి లేడు. సంచిలో ఆయన ఫోను ఉంది. బ్లౌజు డిజైన్లు చూసుకోవడానికి కొన్న ఫోను. ఆయన పడిపోయిన రోజున అదీ కింద పడింది. కెమెరా అద్దం మీద గీత పడింది. ఏ ఫొటో తీసినా ఎడమ పక్క పై మూలన ఊడిన పోగులాగా సన్నటి గీత వస్తుంది. తీశాను. మా అత్తింటివాళ్ల గ్రూపులో పెట్టాను. మా బావ, అంటే మా ఆయన అన్న, జవాబు పెట్టాడు. కూడబలుక్కున్నాను. శుభోదయం. ఆయన పోయాక ఆ ఇంటినుంచి నాకు వచ్చిన మొదటి మంచి మాట ఆ నాలుగు అక్షరాలే.

అప్పటినుంచి వానొచ్చిన రోజు తప్ప రోజూ పంపాను. అంటే లేచానని, బతికున్నానని, పని చేసుకుంటున్నానని. గట్టు మీద పెద్ద పెద్ద కెమెరాలవాళ్లు మూడు కాళ్ల స్టాండ్లు పెట్టుకుని నిలబడతారు. ఒకాయన నన్ను చూసి, "అమ్మా, జర పక్కకు జరుగు, ఫ్రేముల పడుతున్నవ్," అన్నాడు.

"నువ్వు సుత నా ఫొటోల పడుతున్నవ్. నేనేమన్న అన్ననా?" అన్నాను.

పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆయన స్టాండు ఎత్తుకుని తానే జరిగాడు. అలాంటి పొద్దులు అవి.

ఈ ఏడు మా బావ కూతురికి పెళ్లి కుదిరింది. కుదిరిన వారానికి మా యారాలు ఫోను చేసింది. యారాలంటే బావ భార్య. కూకట్‌పల్లిలో ఉంటారు.

"చెల్లే, తిన్నవా?"

"తిన్ననక్కా."

"ఏం లేదే, నువ్వు పొద్దుగాల పెట్టే ఫొటోలు మస్తుంటయి. గని... ఇంట్ల శుభకార్యం పెట్టుకున్నం గదా. లేవంగనే ఫోన్ తెరిస్తే మొదలు నీ పేరే వస్తున్నది."

"వస్తే?"

"వస్తే ఏముంటది, నీకు తెల్వని ముచ్చటనా? నాకేం పట్టింపు లేదు. మా అమ్మ అంటున్నది."

"మీ అమ్మ గ్రూపుల లేదు గదక్కా."

"నీతోని మాట్లాడుడే కష్టమే తల్లీ. నేను పంపొద్దంటున్ననా? పొద్దు గూకేటివి పంపు. గవి సుత మంచిగనే ఉంటయి."

ఫోను పెట్టేశాక చాలాసేపు చేతిలో కత్తెర పట్టుకునే కూర్చున్నాను. గల్లీలో ఎవరైనా బండి తీస్తుంటే నేను ఆగిపోతాను, ఎదురు వచ్చిందనిపించుకోకుండా. పాలకు వెళ్లినా గోడవారగా నడుస్తాను. మూడేళ్లుగా అలవాటు చేసుకున్నాను. ఫోనులో కూడా గోడవారగా నడవాలని నాకు తెలియదు.

అయినా మాట విన్నాను. నా బుద్ధి తక్కువ. సాయంత్రం ఫొటో పంపమనడం వాళ్లకు ఉత్త నోటిమాటే కదా. మా వైపు గట్టున నిలబడితే సూర్యుడు నీళ్ల అవతల లేస్తాడు. సాయంత్రం మన వీపు వెనక, మా పంజాగుట్ట బిల్డింగుల్లో పడిపోతాడు. నీళ్ల మీద మునిగేది చూడాలంటే ట్యాంక్‌బండ్ మీదికి పోవాలి. నాకు సాయంత్రమే గిరాకీ. ఆఫీసులు విడిచాకే ఆడవాళ్లు బ్లౌజులకు వస్తారు. ఆ రోజు తలుపుకు తాళం వేసి, ఆడవాళ్లకు ఊరికే ఇచ్చే జీరో టికెట్టు తీసుకుని రెండు బస్సులు మారి, జనంలో నిలబడి తీశాను. మంచి ఫొటోనే. నీళ్ల మీద ఇటుకపొడి చల్లినట్టుంది. గ్రూపులో పెట్టి తిరిగొచ్చేసరికి గడప ముందు ఇద్దరు గిరాకీలు తిట్టుకుంటూ వెళ్లిపోయారని పక్కింటామె చెప్పింది. అంతలో ఫోను మోగింది.

"దీపం పెట్టే యాళ్లకు పెట్టినవేందే?" అంది యారాలు. "లక్ష్మి ఇంట్లకు వచ్చే యాళ్ల గది."

"మరి ఏ యాళ్లకు పెట్టాల్నక్కా? పగటీలి పన్నెండు గంటలకు పెట్టాల్నా?"

"అప్పుడేం ఫొటో వస్తదే? పొద్దు నెత్తి మీదుంటది."

నేను ఎకసెక్కంగా అన్నది ఆమె నిజంగానే ఆలోచించి జవాబు చెప్పింది. అదీ నా మంట. తిట్టినా బాగుండేది.

పంపడం మానేశాను. వెళ్లడం మానలేదు, దారం ఎంచాలి కదా. తీసిన ఫొటోలు ఫోనులోనే పడి ఉన్నాయి. గ్రూపులో గులాబీ పువ్వులు, టీ కప్పులు, ఎవరో ఎక్కడో తీసిన సూర్యుళ్లు రోజూ వస్తూనే ఉన్నాయి. ఆమె ఏమైంది, ఎందుకు పంపడం లేదని ఒక్కరు అడగలేదు. చచ్చినా వారం దాకా తెలియదన్నమాట.

అలా ఉండగా ఒకరోజు పెళ్లి కార్డు ఫోనులో వచ్చింది. పైన వినాయకుడు. ఆయన వెనక కార్డు నిండా పొద్దుపొడుపు, కింద నీళ్లు. బుద్ధుడు రాకుండా కత్తిరించారు. వేళ్లతో లాగి పెద్దది చేశాను. వినాయకుడి చెవి పక్కన, ఎడమ పై మూలన, సన్నటి గీత.

పెళ్లికూతురికే ఫోను చేశాను. అది నా చేతుల్లో పెరిగింది. దాని మొదటి లంగా కుట్టింది మా ఆయనే.

"కార్డు మీద గా ఫొటో ఎక్కడిది బిడ్డా?"

"నీదే చిన్నమ్మా. నేనే ఇచ్చిన," అంది మెల్లగా.

"తెలిసే ఇచ్చినవా?"

"తెల్వకిస్తనా? గా గీత తీసేస్తనన్నడు డిజైన్ చేసెటాయన. నేనే ఉండనియ్యుమన్న. బాబాయి ఫోను గదా."

నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అది నిజం. ఆ నీళ్లు ఆరకముందే అడిగాను, "మీ అమ్మకు తెలుసా?"

"లేదు చిన్నమ్మా. పెండ్లి అయినంక చెప్త. నువ్వు సుత చెప్పకు. నీ కాళ్లు మొక్కుత."

అదిగో. నా పొద్దు కావాలి, నా పేరు వద్దు. తల్లి మొహం మీదే అంది, పిల్ల ప్రేమగా దాచింది. తల్లి కన్నా పిల్ల మీదే ఎక్కువ మండింది నాకు. "సరే" అని ఫోను పెట్టేశాను. ఎందుకు సరే అన్నానో ఇప్పటికీ నా మీద నాకే కోపం.

రెండు రోజులకు బావా, యారాలూ పిలవడానికి వచ్చారు. ముందు మేడ మీద ఇంటి ఓనరమ్మకు బొట్టు పెట్టి కార్డు ఇచ్చారు. మెట్ల మీద వాళ్ల నవ్వులు వినబడుతూనే ఉన్నాయి. తరువాత నా గదిలోకి వచ్చి మంచం మీద కూర్చున్నారు. యారాలు కుంకుమ భరిణె మూత గట్టిగా నొక్కి మిషను మీద పెట్టింది. కార్డు మాత్రం రెండు చేతులా ఇచ్చింది.

నేను కార్డు కిటికీ దగ్గరికి తీసుకెళ్లాను. "అక్కా, గీ మూలకు గీత చూసినవా?"

"డిజైన్ గావచ్చు."

ఫోను తెరిచి ఆమె చేతిలో పెట్టాను. ఒక ఫొటో, రెండోది, పదోది. అన్నిటికీ అదే చోట అదే గీత. ఆమె చెయ్యి ఆగిపోయింది. బావ కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూశాడు.

"ఒక్కతీరే ఉన్నది గదా," అన్నాడు.

"ఒక్కతీరు గాదు బావా. గదే ఇది."

"దేవుని ముందట పెట్టినమే," అంది యారాలు. "మొదటి కార్డుకు పసుపు రాసి పెట్టినం."

"రాసిండ్రు. మంచిగనే అయ్యింది గదా? ఇల్లేమన్న కాలిందా?"

"ఎవరిచ్చిండ్రు గిది?"

పిల్ల పేరు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "నాకేం తెలుసు? గ్రూపుల పెట్టిన. ఎవరు ఏరుకున్నరో."

"సగం మందికి పంచినం. అయిందేదో అయింది, ఊకో," అన్నాడు బావ.

పెళ్లయి వచ్చిన నాటినుంచి బావ ముందు నేను గొంతెత్తలేదు. ఆ రోజు ఎత్తాను. "నేనెందుకు ఊకోవాలె? రేపు పొద్దుగాల ఫొటో పెడ్త. ఎల్లుండి పెడ్త. పెండ్లినాడు సుత పెడ్త. నా పొద్దు చెడ్డదైతే గీ కార్డులన్ని ఇంటింటికి పోయి వాపస్ తెచ్చుకోండ్రి. చెడ్డది గాకపోతే నా ఫొటో సంగతి ఇంక ఎత్తకుండ్రి. రెండిట్ల ఏదో ఒకటి ఇప్పుడే చెప్పుండ్రి."

"బెదిరిస్తున్నవా?" అంది యారాలు.

"గట్లనే అనుకో."

ఆమె లేచి చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. భరిణె మిషను మీదే మరిచిపోయింది. గల్లీ మలుపు దాకా వెళ్లాక బావ ఒక్కడే వెనక్కి వచ్చాడు దానికోసం. భరిణె తీసుకుని, గడప దగ్గర ఆగి, మలుపు వైపు ఒకసారి చూసి, చిన్నగా అన్నాడు, "పెట్టమ్మా. పెట్టుకో."

"ఆమెకు ఇనబడేటట్టు అను బావా," అన్నాను.

అనలేదు. తల వంచుకుని వెళ్లిపోయాడు. మొదటి రోజు శుభోదయం పెట్టిన మనిషి ఇతనే. ఆ నాలుగు అక్షరాలు ఇన్నేళ్లు దాచుకున్నాను, ఇలాంటివాడి కోసం.

మర్నాడు సంచి వేసుకుని గట్టుకు వెళ్లాను. ఆకాశం నిండా మబ్బు. కెమెరాలవాళ్లు కాసేపు చూసి స్టాండ్లు మడిచి వెళ్లిపోయారు. నేను నిలబడ్డాను. సూర్యుడు రాలేదు. బ్లౌజు లోపల వేసే లైనింగు గుడ్డలాగా నీళ్లూ ఆకాశమూ ఒకటే బూడిద రంగు, మధ్యలో అతుకు కూడా కనబడలేదు. అదే తీశాను. గీత మాత్రం స్పష్టంగా పడింది. గ్రూపులో పెట్టాను. రాయడం రాదు కాబట్టి మైకు బొమ్మ నొక్కి పట్టుకుని, గట్టిగా, గట్టు మీద నడిచేవాళ్లు తిరిగి చూసేటట్టు చెప్పాను.

"ఇయ్యాల పొద్దు కనబడలే. అయినా నేనొచ్చిన. ఇది నేను తీసిన ఫొటో. రేపు సుత వస్త."

తరువాత సంచిలోంచి బట్ట తీసి దారాలు ఎంచుకోవడం మొదలుపెట్టాను. మబ్బు వెలుగులో రంగు ఇంకా బాగా తెలుస్తుంది.