రోమ్ గురించి ముప్పై ఒక్క సంగతులు

అట్లాంటా పక్కనున్న కమ్మింగ్‌లో ఏ తెలుగువాళ్ళింట్లో పార్టీ జరిగినా, బిర్యానీ ట్రే మీద రేకు తీసేలోపే రాఘవులు నోరు తెరిచేవాడు. “మీకో సంగతి తెలుసా?” అనేదే అతని పలకరింపు. తెలుసన్నా చెప్పేవాడు, తెలియదన్నా చెప్పేవాడు. చేతిలో ప్లేటుతో పారిపోలేని మనిషిని ఏరుకుని మరీ చెప్పేవాడు. అతని భార్య ఉమ అప్పటికే వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఇరవై నాలుగేళ్ళ కాపురంలో ఆమె బాగా నేర్చుకున్న విద్య అదే, సమయానికి గదిలోంచి జారుకోవడం.

అతనిది ఇన్సూరెన్స్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. అంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా పరాయివాళ్ళ తప్పులు వెతకడం. ఆ గుణం ఒంటికి పట్టేసింది. ఇంటికొచ్చాక ఉమ చేసిన పప్పులోనూ, కూతురు నిధి మాట్లాడే తెలుగులోనూ వెతికేవాడు. తనలో మాత్రం ఏనాడూ వెతుక్కోలేదు.

ఇన్నేళ్ళూ దొరికిన సెలవులన్నీ ఇండియా ప్రయాణాలకే సరిపోయాయి. నిధి కాలేజీ పూర్తయిన వేసవిలో, రోమ్ వెళ్దామని ఉమ అడిగింది. అడగడమే ఆలస్యం, రాఘవులు ఆ ఊరికి అల్లుడైపోయాడు. వారం తిరగకుండా ‘రోమ్ వెళ్ళేవారికి ముప్పై ఒక్క ఆశ్చర్యకరమైన సంగతులు’ అని ఒక పీడీఎఫ్ తయారుచేసి వాట్సాప్ గ్రూపులన్నిటికీ పంపాడు. కాఫీ నిలబడి తాగితే ఒక రేటు, కూర్చుంటే ఒక రేటు. మెట్రో కోసం ఎక్కడ తవ్వినా శిథిలాలే బయటపడతాయి కాబట్టి అక్కడ రైలు మార్గం నత్తనడక. ఫలానా మెట్ల మీద కూర్చుంటే పోలీసులు జరిమానా వేస్తారు. వీధి కుళాయి గొట్టాన్ని వేలితో మూస్తే పైనున్న చిన్న చిల్లులోంచి నీళ్ళు ఎగజిమ్ముతాయి, వంగకుండా తాగొచ్చు. ఇంటర్నెట్‌లో నలుగురు రాసింది ఏరి తెచ్చి, తనే తవ్వి తీసినట్టు చెప్పేవాడు. రోమ్‌లో అతను కాలు పెట్టింది లేదు.

ఒప్పుకోవాలి, అందులో ఒక్క సంగతి ఉమ మనసులో పడింది. పాంథియన్ అనే పాత గుడి కప్పు నడిమధ్య పెద్ద రంధ్రం ఉందట. రెండువేల ఏళ్ళుగా దాన్ని ఎవరూ మూయలేదట. వానొస్తే గుడిలోనే కురిసి, నేలలోని తూముల్లోంచి పోతుందట. ఆ రంధ్రం కింద నిలబడి పైకి చూడాలని ఆమె కోరిక. పక్కన ఎవరూ వివరించకుండా చూడాలి. అది ఈ జన్మలో జరిగేది కాదని ఆమెకి తెలుసు.

ఇంట్లో నిధి అమెరికాలోనే పుట్టిన పిల్ల. ఉమ నాలుగేళ్ళ కిందట సిటిజన్‌షిప్ తీసుకుంది. ఇంటర్వ్యూలో పది ప్రశ్నలు అడుగుతారంటే కారులో వల్లెవేసుకుంటూ వెళ్ళి, పావుగంటలో నవ్వుతూ బయటికొచ్చింది. రాఘవులు మాత్రం అప్లై చేయలేదు. “నాకు టెస్ట్ పెడతారా?” అనేవాడు. అసలు సంగతి ఉమకి తెలుసు. ఊరందర్నీ ప్రశ్నలడిగే ఆ పెద్దమనిషికి, బల్లకి అవతల ఇంకొకరు కూర్చుని తనని అడుగుతారంటే భయం. అందుకే గ్రీన్‌కార్డ్, ఇండియన్ పాస్‌పోర్ట్‌తోనే ఉండిపోయాడు.

ప్రయాణానికి నెల ముందు స్నేహితుడు దివాకర్ ఇంట్లో పార్టీ జరిగింది. రాఘవులు పన్నెండో సంగతిలో ఉండగా ఉమ అడిగింది.

“ఏవండీ, నాకూ నిధికీ అమెరికన్ పాస్‌పోర్ట్‌లు. మీకు వీసా అక్కర్లేదా?”

రాఘవులు ప్లేటు కింద పెట్టి మరీ నవ్వాడు. “గ్రీన్‌కార్డ్ చూపిస్తే సగం ప్రపంచం గేట్లు తీస్తుంది ఉమా. పాపం, మా ఉమకి జాగ్రఫీ అంటే పటేల్ బ్రదర్స్ కిరాణా కొట్టు ఎటువైపుందో అంతే.”

అందరూ నవ్వారు. దివాకర్ అందరికన్నా గట్టిగా నవ్వాడు, ఇల్లు తనది కదా. ఉమ మళ్ళీ అడగలేదు. అడిగి ఉండాల్సింది. కానీ అంతమందిలో చెంప వాచాక రెండో చెంప ఎవరిస్తారు? టికెట్లు బుక్ చేసింది ఆయన, తెలిసినవాడూ ఆయనే అనుకుని ఊరుకుంది.

అట్లాంటా ఎయిర్‌పోర్ట్‌లో కౌంటర్ దగ్గర అమ్మాయి మూడు పాస్‌పోర్ట్‌లూ తిరగేసి, అతనిది మాత్రం విడిగా పెట్టింది. ఇటలీలో దిగడానికి కావాల్సిన షెంగెన్ వీసా ఏదని అడిగింది. రాఘవులు గ్రీన్‌కార్డ్ తీసి బల్ల మీద పెట్టాడు. అది అమెరికాకి తిరిగి రావడానికే గానీ ఇటలీకి పోవడానికి కాదని ఆమె మర్యాదగానే చెప్పింది. రాఘవులు వినలేదు. ఆ అమ్మాయికే రూల్స్ నేర్పబోయాడు. సూపర్‌వైజర్ వచ్చి అదే మాట చెప్పాడు. వెనక లైన్లో వాళ్ళు చక్రాల పెట్టెలు జరుపుకుంటూ పక్క కౌంటర్‌కి వెళ్ళిపోయారు. రాఘవులు మొహం చిన్నబోయింది.

ఆ మొహం చూసి ఉమకి జాలేసింది, అది నిజం. ఆగిపోదామనే అనుకుంది. పెట్టె హ్యాండిల్ వెనక్కి తిప్పింది కూడా.

“పదండి, ముగ్గురం రీబుక్ చేసుకుందాం,” అన్నాడు రాఘవులు. “నేను లేకుండా మీరిద్దరూ అక్కడేం చూస్తారు? మీకేం అర్థమవుతుంది?”

ఆ రెండో మాట అనకపోయి ఉంటే ఉమ ఇంటికొచ్చేసేది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఇంటి తాళాలు తీసి అతని చేతిలో పెట్టింది. “ఊబర్ బుక్ చేసుకోండి. ఫ్రిజ్‌లో పప్పు ఉంది, రెండ్రోజులొస్తుంది,” అని నిధిని తీసుకుని సెక్యూరిటీ వైపు నడిచింది. వెనక్కి తిరిగి చూడలేదు.

రోమ్‌లో రెండో రోజు పాంథియన్ కింద అరగంట నిలబడింది. వాన రాలేదు. ఆ రంధ్రంలోంచి గుండ్రంగా ఎండ పడి, గోడ మీద మెల్లగా జరుగుతోంది. హ్యాండ్‌బ్యాగ్‌లో ఫోన్ నాలుగుసార్లు మోగింది. సంగతులు పంపుతున్నాడు కాబోలు. తీసి చూడలేదు. ఇంత నిశ్శబ్దం తనకి అలవాటు లేదని ఆమెకి అప్పుడే తెలిసింది, ఏడుపొచ్చినంత పనైంది.

బయట సందులో వీధి కుళాయి ధారగా పోతోంది. నిధి వంగి తాగబోయి చొక్కా అంతా తడుపుకుంది. ఉమ వెళ్ళి గొట్టానికి అడ్డంగా వేలు పెట్టింది. పైనున్న చిల్లులోంచి నీళ్ళు సన్నగా ఎగజిమ్మాయి. నిలబడే తాగింది. చల్లగా, హాయిగా ఉన్నాయి.

“వావ్! అమ్మా, నీకు ఎలా తెల్సు ఇది?” అంది నిధి. తండ్రి మాట్లాడే పార్టీలన్నిట్లోనూ ఆ పిల్ల చెవుల్లో ఇయర్‌ఫోన్స్ ఉండేవి.

ఉమ కొంగుతో మూతి తుడుచుకుంది.

“పార్టీల్లో ఒక అంకుల్ చెప్తూ ఉంటాడులే,” అంది.