మనదేనండి

గొడుగుల దుకాణం గూనాయనకి గూను పుట్టుకతో వచ్చింది కాదు. ఊచల మీద గుడ్డ బిగించి కుట్టే పనిలో వంగీ వంగీ, ఒకనాటికి నడుము ఇక లేవనని మొరాయించింది. జనం ఊరుకుంటారా? అమ్మానాన్నలు పెట్టిన పేరుని అటకెక్కించి గూనాయన అనడం మొదలుపెట్టారు. "గూనాయన గొడుగు గాలికి తిరగబడదు" అన్న మాట నాలుగు వీధులు దాటింది. ఎగతాళి బేరాలు తెస్తున్నప్పుడు దాని మీద అలగడం దండగని ఆయనా గ్రహించాడు. బోర్డు రాయడానికి వచ్చిన పెయింటరు, వంగిన మనిషినీ ఆ మనిషి మీద గొడుగునీ రెండు గీతల్లో వేసి చూపించాడు.

"ముక్కు లేదేమయ్యా?"

"గూను కనపడ్డాక ముక్కెవడు చూస్తాడండీ?"

పెద్ద కంపెనీలు లోగో కోసం నెలల తరబడి సమావేశాలు జరుపుకుంటాయట. గూనాయన లోగో పుట్టుకకి సంబంధించిన చర్చ మొత్తం ఇంతే.

ఇక్కడ ఆయన పెంపకం గురించి ఒక ముక్క చెప్పాలి. చిన్నప్పుడు పిల్లలు కొట్టుకుంటే, 'నాది' అన్న నోటికి వాళ్లమ్మ ఆ పూట అన్నం పెట్టేది కాదు. దాంతో ఆ మాట ఆయన నాలుక మీంచి శాశ్వతంగా సెలవు తీసుకుంది. దుకాణం మనది, ఇల్లు మనది. ఆఖరికి పంటి నొప్పి వచ్చినా, "మన పన్ను సలుపుతోందే" అనేవాడు భార్యతో.

"సలిపేది మీకు. మధ్యలో నన్నెందుకు కలుపుతారు?" అనేది ఆవిడ.

చనిపోయిన అక్క కొడుకు ఆ దుకాణంలోనే పెరిగి, ఆ సూదితోనే పని నేర్చుకున్నాడు. పెళ్లయ్యాక ఊరి చివర షెడ్డు వేసి, మిషన్లు పెట్టుకున్నాడు.

"మావయ్యా, మన గూను బొమ్మ నా గొడుగుల మీద కూడా వేసుకోనా?"

"అడుగుతావేంట్రా? మన బొమ్మేగా!"

అలా కొన్నేళ్లు ఒకే గూను రెండిళ్లకి అన్నం పెట్టింది. తర్వాత మేనల్లుడికి ఎవరో జ్ఞానబోధ చేశారు: షెడ్డు తగలబడితే మళ్లీ కట్టుకోవచ్చు, పేరు పోతే తిరిగి రాదని. వెంటనే అతను ఆ పేరునీ బొమ్మనీ తన ట్రేడ్ మార్కుగా రిజిస్టర్ చెయ్యమని దరఖాస్తు పెట్టాడు. అభ్యంతరాలుంటే చెప్పమని ప్రభుత్వం పత్రికలో ప్రకటించింది. ఆ ప్రకటన చూసింది గూనాయన దగ్గర గొడుగులు బాగుచేయించుకునే లాయరు.

"వాడు పెట్టుకుంటే మనకి అభ్యంతరం ఏముంటుందండీ?" అన్నాడు గూనాయన.

"రిజిస్టరైతే మీరు వాడకూడదు. వాడితే నేరం."

గూనాయన చేతిలో సూది ఆగింది. "అంటే మన గొడుగు మీద మన బొమ్మ మనమే వేసుకోకూడదా?"

"ముందా 'మన'ని ఇంట్లో పెట్టి తాళం వెయ్యండి. మొదట్నుంచీ వాడుతున్నది మీరు. చట్టం మీ వైపే ఉంది. బొమ్మ ఎవరిదని అడిగితే 'నాది' అనండి. రెండక్షరాలు. అంతకంటే మిమ్మల్ని కష్టపెట్టను."

లాయరు అభ్యంతరం దాఖలు చేశాడు. ఇంట్లో విచారణకి రిహార్సల్స్ మొదలయ్యాయి. భార్య గరిటె పట్టుకుని అధికారి పాత్ర ధరించింది.

"బొమ్మ ఎవరిది?"

"మ... నాది."

"ముందు ఆ 'మ' ఏమిటి?"

"దగ్గు."

విచారణ రోజున ట్రేడ్ మార్కు ఆఫీసులో మేనల్లుడు ఎదురొచ్చాడు. "నడుం పట్టేస్తుంది, ఇలా కూర్చో మావయ్యా" అని తన కుర్చీ జరిపి, కోటు మడిచి వీపు వెనక పెట్టాడు. అది ఎత్తో ప్రేమో ఆ కోటుకే తెలియాలి. గూనాయన మాత్రం ఆ కోటు నలగకుండా జాగ్రత్తగా ఆనుకున్నాడు.

మేనల్లుడి లాయరు బొమ్మ చూపించాడు. "ఇది ఎవరిదండీ?"

"మనదేనండి."

"మన అంటే? నాక్కూడా వాటా ఉందా?"

"అయ్యయ్యో, మీకెందుకుంటుందండీ! మాది."

"మాది అంటే ఎవరెవరిది?"

గూనాయన వేలు ముందు తన గుండె మీద ఆనింది. తర్వాత, ఎవరూ అడగకుండానే, మేనల్లుడి వైపు తిరిగింది.

ఆయన లాయరు లేచి నిలబడ్డాడు. "అయ్యా, అది మర్యాద కోసం అన్న మాట. హక్కుని వదులుకోవడం కాదు."

"మర్యాదకి ఈ చట్టంలో సెక్షన్ లేదండీ" అన్నాడు అధికారి, కొంచెం విచారంగానే.

బొమ్మ ఇద్దరిదీ అని గూనాయనే ఒప్పుకున్నాడు. ఇన్నేళ్లూ వాడనిచ్చి నోరెత్తలేదు. కాబట్టి అభ్యంతరం చెల్లదు అని తీర్పు వచ్చింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఊరి సంగతేమో గాని, కేసు పోయింది. గుర్తు మేనల్లుడి పేర రిజిస్టరైంది. గూనాయన గొడుగులు కుట్టుకోవచ్చు. వాటి మీద ఆ పేరు గాని, ఆ బొమ్మ గాని, దాన్ని పోలిన మరేదైనా గాని ఉండకూడదు. గూను మాత్రం ఆయన దగ్గరే ఉంచుకోనిచ్చారు.

బోర్డు చెరపడానికి పాత పెయింటరే వచ్చాడు. నిచ్చెన మీంచి, "ముక్కు లేకపోవడమే మంచిదైంది, తొందరగా పోతోంది" అన్నాడు. పాపం, ఓదారుద్దామనే అన్నాడు.

వానలు మొదలయ్యాయి. గడప దగ్గర ఎవరో ఆగి, "గూనాయన గొడుగులు దొరికేది ఇక్కడేనా?" అని ఆయన్నే అడిగారు.

"ఊరి చివర షెడ్డులో అండి" అన్నాడు ఆయన. వంగిన మనిషి దుకాణం ముందు గొడుగు వేసుకుని నిలబడకూడదని తీర్పులో ఎక్కడా లేదు. అయినా నిలబడడం మానేశాడు.

అప్పటికి ఆ రెండక్షరాలు ఆయనకి బాగా పట్టుబడ్డాయి. ఈ కంచం నాది. ఆ దుప్పటి నాది, ఎవరు తీశారు? భార్య కొన్నాళ్లు నవ్వింది. తర్వాత కంచాలు విడిగా బోర్లించడం మొదలుపెట్టింది.

ఒక సాయంత్రం ఆయన బుగ్గ పట్టుకుని కూర్చోవడం చూసి, ఆవిడ దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

"ఏమండీ, మన పన్ను సలుపుతోందా?"

"మనది కాదు. నాది."

దగ్గు లేదు, తడబాటు లేదు. లాయరు విని ఉంటే ఎంతో మెచ్చుకునేవాడు.