కత్తెర తిమ్మిరి

చావు నోట్లోంచి తనే లాక్కొచ్చిన తమ్ముణ్ణి చూసి మనిషికి కన్ను ఎలా కుడుతుంది? ఎంత ఆలోచించినా దీనికి ఇప్పటికీ జవాబు దొరకదు.

ఆ అన్నదమ్ములది కోట్లు కుట్టే దుకాణం. పెద్దాయన కటింగ్ మాస్టరు. మందపాటి గుడ్డ కోసీ కోసీ వేళ్ళు తిమ్మిరెక్కడం ఆ పనిలో మామూలే. అందుకే ఒకనాడు కుడిచెయ్యి మొద్దుబారితే, కత్తెర తిమ్మిరి అనుకుని విదిలించుకుంటూ, నూనె రాయించుకుంటూ పొద్దు గడిపేశాడు. మూతి వంకర పోయాకగానీ ఆసుపత్రికి వెళ్ళలేదు. మెదడులో నాళానికి రక్తపు గడ్డ అడ్డం పడిందనీ, ఆ భాగం అప్పటికే చచ్చిపోయిందనీ, ఇక గడ్డ తీసినా లాభం లేదనీ డాక్టరమ్మ చెప్పింది. ఆనాటినుంచి ఆయన ఎడంచేత్తో సుద్దగీత గీస్తే, దాని వెంట తమ్ముడు కోసేవాడు. దుకాణంలో ఆయనకి మిగిలింది ఆ గీతే.

ఏడాది తిరిగాక తమ్ముడి చేతిలోంచి కత్తెర జారిపడింది.

"ఏం లేదన్నయ్యా, తిమ్మిరి" అన్నాడు. మాట ముద్దగా వచ్చింది.

"తిమ్మిరి నీ మొహం! లే, బండెక్కు!" పెద్దాయన ఎడంచేత్తో వాడి చొక్కా పట్టి ఈడ్చుకుపోయాడు.

ఆసుపత్రిలో తొడ మొదట్లో రక్తనాళంలోంచి సన్నటి గొట్టాన్ని మెదడు దాకా పంపి, గడ్డని బయటికి లాగేశారు. మర్నాడు తమ్ముడు కుడిచేత్తో అన్న చేతిని గట్టిగా పట్టుకున్నాడు. ఆ బిగువు తగలగానే పెద్దాయన కళ్ళు చెమర్చాయి. కడుపులో నిప్పు కూడా అప్పుడే రాజుకుంది.

"నా చెయ్యి పడిపోబట్టి కదూ వాడి చెయ్యి దక్కింది!" అన్నాడు ఇంటికొచ్చి భార్యతో.

"అయితే ఏమంటారు? మరిదిది కూడా పోవాల్సిందా?"

"ఛ, అదేం మాట!" అన్నాడుగానీ, ఆమె మొహంలోకి చూడలేకపోయాడు.

తమ్ముడు మళ్ళీ పనిలోకి దిగిన రోజు, పాత గిరాకీ ముసలాయన కోటు గుడ్డ పట్టుకొచ్చాడు.

"ఏమోయ్, బుర్రలో బూజు దులిపించుకున్నావటగా!"

"గొట్టం పెట్టి మరీ దులిపారు బాబాయ్. మా అన్నయ్య లేకపోతే నా పని గోవిందే" అంటూ తమ్ముడు గుడ్డ పరిచాడు. మాటల్లో పడి సుద్ద తీసి, గీత తనే గీసేశాడు. కత్తెర కరకరలాడుతూ దాని వెంట పరుగెత్తింది.

పెద్దాయన మెడ సాచి చూశాడు. ఎక్కడైనా వంకర పోయుంటే బాగుండుననిపించింది. పోలేదు. మెల్లగా లేచి, చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు.

"బండి ఎక్కించింది కూడా అన్నయ్యే. కదన్నయ్యా?" అని తమ్ముడు తలెత్తేసరికి, పెద్దాయన కాలీడ్చుకుంటూ వీధి మలుపు తిరిగిపోయాడు.