తోడొచ్చినవాడు

శాంసన్ గురించి మాట్లాడాలంటే నాకు ముందు కోపం వస్తుంది, మిగతావన్నీ ఆ తర్వాతే. మనిషి చెడ్డవాడైతే నాలుగు తిట్టి వదిలేయొచ్చు. ఇతనితో ఆ సుఖం కూడా లేదు. మట్టెవాడలో మా దుకాణాలు రెండూ పక్కపక్కనే. నాది పైపులు, పంపుసెట్ల సామాను. అతనిది మోటార్లకు వైండింగు చేసే కొట్టు. తొర్రూరు వైపు నుంచి రైతులు కాలిపోయిన మోటార్లు ఆటోల్లో తెచ్చి అతని ముందు దించి, వాల్వులకూ వాషర్లకూ నా దగ్గరికి వస్తారు. అలా ఒకరి బేరం మీద ఒకరం బతుకుతున్నాం.

పని వాళ్ళ నాన్న దేవదానం నేర్పాడు. కాలిన తీగ పీకేసి, కొత్త రాగితీగ చుట్టి, వార్నిష్ పట్టించి ఆరబెట్టాలి. ఓపిక లేనివాడు చుట్టిన మోటారు వారం తిరక్కుండా మళ్ళీ కాలుతుంది. శాంసన్ చుట్టింది వెనక్కి రావడం నేను చూడలేదు. ఆదివారాలు చర్చిలో డోలక్ వాయించేవాడు. సోమవారం పొద్దున కూడా వేళ్ళు ఊరుకోక మోటారు మీద దరువు వేసేవాడు. "అది ఇనుము తమ్మీ, తోలు గాదు" అని నేను వెక్కిరిస్తే నవ్వేవాడు. బైబిల్లోని బలశాలి పేరు పెట్టుకుని ఇంత బక్కగా ఉన్నాడేమిటని వీధంతా ఆటపట్టించేది, దానికీ నవ్వేవాడు.

ఆ దరువు ఎప్పుడు ఆగిందో నాకు సరిగ్గా తెలియదు. షట్టరు ఆలస్యంగా లేవడం మొదలైంది. తెరిచాక కూడా తీగ చుట్ట చేతిలో పట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. ఇంటి నుంచి వచ్చిన టిఫిన్ డబ్బా మూత తీయకుండానే తిరిగి పోయేది. రైతులు తిట్టేవాళ్ళు. పొలం ఎండుతుంటే ఎవరికి కోపం రాదు? కానీ వాళ్ళు తిట్టినదానికంటే అతను తనని తాను తిట్టుకునేదే ఎక్కువ.

"ఏమైంది తమ్మీ?" అంటే, "ఏంగాలే అన్నా. బద్ధకం. ఒళ్ళు బలిసింది" అనేవాడు. ఎముకలు తప్ప ఒంటిమీద ఏమీ లేని మనిషి ఆ మాట అంటుంటే నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు.

అతని భార్య సువార్తమ్మ గట్టిది. ఆమే పట్టుపట్టి పెద్ద దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరమ్మ డిప్రెషన్ అని చెప్పి గోలీలు రాసింది, తనకు చెప్పకుండా ఆపొద్దని కూడా చెప్పింది. శాంసన్ ఆ గోలీలను అట్టలోంచి ఒలిచి, స్క్రూలు పోసుకునే రేకు డబ్బాలో దాచుకున్నాడు. ఎవరైనా చూస్తే గ్యాసు గోలీలు అనేవాడు. నాతోనూ గ్యాసనే చెప్పాడు. సువార్తమ్మ నోట అసలు సంగతి విని నేను అడిగితే, దొంగతనం బయటపడ్డవాడిలా తల దించుకున్నాడు.

ఏమైతేనేం, మెల్లగా తేరుకున్నాడు. టిఫిన్ డబ్బాలో అన్నం ఖాళీ అవడం మొదలైంది. అవే రోజుల్లో చర్చివాళ్ళు అతని కోసం ఉపవాస ప్రార్థనలు చేశారు. మంచివాళ్ళు, తమలో ఒకడు కుంగిపోతే ఇంటికొచ్చి మోకరించారు. అతను మళ్ళీ డోలక్ ముందు కూర్చున్న ఆదివారం సాక్ష్యం చెప్పమన్నారు. మేలు పొందినవాళ్ళు లేచి నిలబడి, దేవుడు తమకు ఏం చేశాడో అందరి ముందూ చెప్పుకోవడం వాళ్ళ ఆనవాయితీ. నేను గుడికి పోయేవాణ్ణే గానీ, శాంసన్ ప్రేమగా పిలిచాడని వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాను.

శాంసన్ మైకు పట్టుకున్నాడు. "ప్రభువు నన్ను ముట్టిండు. గోలి లేదు, మందు లేదు. మీ ప్రార్థనతోనే బాగైన" అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. గోలీల మాట అతన్ని ఎవరూ అడగలేదు. ప్రార్థనతో బాగయ్యానని ఊరుకుంటే సరిపోయేది, అందులో అబద్ధమూ ఉండేది కాదు. కానీ గోలి మింగే మనిషిగా అంతమంది ముందు నిలబడటం అతనికి చేతకాలేదు.

ఇంకొకడైతే చెప్పింది చెప్పి, ఇంటికి పోయి గోలి వేసుకునేవాడు. శాంసన్ అంత తెలివైనవాడు కాదు. దేవుడి ఎదుట చెప్పిన సాక్ష్యం అబద్ధం కాకూడదు, కాబట్టి దాన్ని నిజం చేయాలి. ఆ రోజు నుంచే గోలీలు మానేశాడు. రేకు డబ్బాలో మళ్ళీ స్క్రూలు పోసుకున్నాడు.

రెండోసారి వచ్చింది మొదటిదానికంటే గట్టిగా పట్టుకుంది. డోలక్‌కు దుప్పటి చుట్టి అటక మీద పెట్టేశాడు. చర్చికి పోయినా వెనక గోడకు ఆనుకుని నిలబడేవాడట. రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ఆదివారమైతే తప్పు మనసులో ఉంచుకుని అవి తీసుకోకూడదని, తన వంతు రాకముందే బయటికి వచ్చేసేవాడట. సువార్తమ్మ నా దుకాణం మెట్టు మీద కూర్చుని ఇవన్నీ చెప్పి ఏడ్చింది.

"అందరి ముంగట చెప్పినంక మల్ల గోలేసుకుంటే దేవుణ్ణి మోసం జేసినట్టేనట బావా. ఎంత చెప్పినా ఇంటలేడు."

నేను ఆవేశంగా వాళ్ళ పాస్టరుగారి దగ్గరికే పోయాను. ఆయన నా మాటలన్నీ నెమ్మదిగా విని, మర్నాడే కొట్టుకు వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. జేబులోంచి తన షుగరు గోలీలు తీసి శాంసన్‌కు చూపించాడు.

"నేను రోజూ ప్రార్థన జేస్త, రోజూ ఇవి గూడ ఏస్కుంట. సాక్ష్యంల ఒక మాట తప్పిపోయిందే అనుకో, దేవుడు అదే పట్టుకొని కూసుంటడా? దవాఖానకు పో శాంసన్."

"మీది రోగం అయ్యగారూ" అన్నాడు శాంసన్. "నాది రోగం గాదు. నేనే గసొంటోన్ని."

ఇలాంటి జబ్బున్నవాళ్ళను లోకం చిన్నచూపు చూస్తుందంటారు. చూస్తుంది కూడా. కానీ శాంసన్ విషయంలో ఆ లోకం కోసం నేను ఎంత వెతికినా దొరకలేదు. దొరికితే పోయి గల్లా పట్టుకుందును. పెళ్ళాం ఏమనలేదు, పాస్టరుగారు ఏమనలేదు, రైతులకు మోటారు తిరిగితే చాలు. అనేవాడు ఒక్కడే. వాడు శాంసన్ లోపలే కూర్చున్నాడు, పండగ పూట కూడా వాడు నోరు మూయడు.

ఒక మధ్యాహ్నం మౌనిక వచ్చింది. వాళ్ళ చర్చి పిల్లే, బట్టల షాపులో పని చేస్తుంది. ఆ పిల్లకూ అదే జబ్బు, చూసేది కూడా అదే డాక్టరమ్మ. కొన్నాళ్ళుగా చర్చికి రాలేక, శాంసన్ మళ్ళీ కుంగిన సంగతి ఆ పిల్లకు తెలియదు. మా రెండు దుకాణాలకూ మధ్య ఉన్నది రేకు గోడ. అటు మాట్లాడితే ఇటు వినపడుతుంది.

"అన్నా, మీరు గోలీలు లేకుంటనే బాగైనరు గదా. నాకే విశ్వాసం తక్కువైనట్టున్నది. రేపటి సంది నేను గూడ ఆపేస్త. నా కోసం ప్రార్థన జెయ్యున్రి" అంది.

నేను చేతిలో పైపు చేతిలోనే పట్టుకుని నిలబడిపోయాను. నిజం చెబితే అతని సాక్ష్యం పోతుంది. చెప్పకపోతే ఆ పిల్ల పోతుంది.

"ఆపకు చెల్లె" అన్నాడు శాంసన్. "నేను అబద్ధం చెప్పిన. గోలీలు మింగుకుంటనే బాగైన. గా అబద్ధం కోసం ఆపిన, మల్ల గిట్లైన. సూడు నన్ను."

మౌనిక ఏడుస్తోంది. అతను ఇంకా చెప్పాడు. "జరమొస్తే నీ తప్పా? ఇదీ గంతే. నీ విశ్వాసం ఏడికి వోలే. ఇందుల సిగ్గువడేదేమున్నది? దవాఖానకు ఒక్కదానివి పోవుడు కష్టమైతే చెప్పు, నేను తోడొస్త."

ఎంత చక్కగా చెప్పాడో. అవన్నీ నేనూ సువార్తమ్మా పాస్టరుగారూ అతనికి చెప్పిన మాటలే. ఒక్కటీ పోకుండా దాచుకున్నాడు. నిజం నోటి నుంచి వచ్చేసింది, ఇక మనిషి దక్కాడనుకున్నాను. నాకు ప్రాణం లేచొచ్చింది.

"మరి మీరు గూడ మల్ల మొదలువెడ్తరా అన్నా?" అంది మౌనిక.

"నా సంగతి ఏరే" అన్నాడు.

దవాఖానకు పోయిన రోజు నేనూ వాళ్ళ వెంట పడ్డాను. బీపీ చూపించుకోవాలని చెప్పాను గానీ, నా అసలు పని ఇతన్ని ఆ డాక్టరమ్మ ముందు కూర్చోబెట్టడం. నేను నోరు తెరవాల్సిన అవసరం కూడా రాలేదు. లోపలికి పోగానే ఆమే గుర్తుపట్టింది.

"శాంసన్ గారు కదా? చాలా రోజులైంది. రండి, కూర్చోండి" అని కుర్చీ చూపించింది.

అతను ఆ కుర్చీ వంక చూశాడు. కూర్చుంటాడనే అనుకున్నాను, నాకు తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను. కుర్చీ ముందుకు లాగి మౌనికను కూర్చోబెట్టాడు.

"ఈమె పేషెంటు మేడం. నేను తోడొచ్చిన."

ఆమె మంచిది, "మీ కోసం కూడా ఒకసారి రండి" అంది. అట్లనే మేడం అని బయటికి వచ్చేశాడు. వరండాలో అతన్ని పట్టుకుని చెడామడా తిట్టాను.

"సిగ్గువడేదేం లేదని ఆ పిల్లకు చెప్తివి. మరి నీకెందుకురా ఇంత సిగ్గు?"

"ఆ పిల్ల మంచిదన్నా" అన్నాడు.

ఆ తర్వాత కూడా మౌనిక దవాఖానకు పోయిన ప్రతిసారీ తోడు పోయాడు. తన కొట్టు తెరవడానికి లేవలేని మనిషి, ఆ పిల్ల కోసం మాత్రం లేచి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని పోయేవాడు. వచ్చి మళ్ళీ గోడవైపు తిరిగేవాడు. మౌనిక తేరుకుంది. పోయిన ఆదివారం సాక్ష్యం చెప్పడానికి లేస్తున్నానని నన్నూ పిలిచింది.

"దేవుడు నన్ను డాక్టరమ్మ చేతుల వెట్టిండు. గోలీలు ఏస్కుంటాన, ఇంక కొన్నాళ్ళు ఏస్కుంట. శాంసన్ అన్న తోడు రాకుంటే నేను ఇక్కడ నిలవడకపోదును" అంది మైకులో, తడబడకుండా.

అవే చప్పట్లు. ఒక్కరి మొహం కూడా మారలేదు. పాస్టరుగారు ఆమెన్ అన్నారు. నేను వెనక్కి తిరిగి చూశాను. గోడ దగ్గర శాంసన్ అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతున్నాడు. కళ్ళనిండా నీళ్ళు. ఇక వీడికి ఏ అడ్డమూ లేదని సంతోషపడ్డాను.

సోమవారం షట్టరు లేవలేదు. మంగళవారం కూడా లేవకపోతే ఇంటికి పోయాను. మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"చూసినవ్ గదా" అన్నాను. "గోలీలు ఏస్కునే పిల్లను ఎవ్వరన్న ఏమన్నరా? ఇగ నీకేం అడ్డం చెప్పు?"

"గదే గదన్నా" అన్నాడు, ఇటు తిరగకుండానే. "అడ్డం ఎవ్వరు లేరు. ఉంటే మంచిగుండేది. గంత సులువైన పని గూడ నాతోని గాలే. ఇగ నేనెందుకు పనికొస్త?"

నా దగ్గర తిట్లు కూడా అయిపోయాయి. గుమ్మంలో సువార్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. దవాఖాన మాట మళ్ళీ ఎత్తి చూసి, లేచాను. అప్పుడు పిలిచాడు.

"అన్నా, కొట్టుకాడికి ఎవరన్న వస్తే జరమొచ్చిందని చెప్పు."

ఇవాళ తొర్రూరు నుంచి ఇద్దరు రైతులు మోటారు తెచ్చారు. వైండింగాయన ఏడీ అని నన్నడిగారు. జ్వరమని చెప్పాను.

"అయ్యో పాపం, జరమొస్తే ఆయన మాత్రం ఏం జేస్తడు. మంచిగైనంకనే చెయ్యనీయున్రి" అని, మోటారును మూసిన షట్టరు ముందు దించి వెళ్ళిపోయారు.