అరటినార కట్టిన కోబీలు

పెరట్లో కాసిన క్యాబేజీలోకి కత్తి దిగేటప్పుడు కొత్త చెప్పులు కిర్రుమన్నట్టు ఒక చప్పుడు వస్తుంది. బజారులో కొన్నదానికి ఆ చప్పుడు రాదు. కోసి నాలుగు రోజులైన సరుకు కత్తికి మెత్తగా లొంగిపోతుంది. ఈ ఉదయం రాయగడలో మా వంటింట్లో ఈ ఏటి మొదటి క్యాబేజీ కోస్తుంటే ఆ కిర్రు వినబడింది, వెంటనే పచ్చి వాసన ముక్కుకి తగిలింది. సూరమ్మత్త గుర్తొచ్చింది. ఏటా మొదటి కోత రోజున గుర్తొస్తుంది కనక అందులో వింతేమీ లేదు. ఆవిడ పోయి చాలా కాలమైంది, ఇప్పుడు కళ్ళనీళ్ళు పెట్టుకునేదీ లేదు. కానీ ఆవిణ్ణి ఎరగనివాళ్ళకి ఒక్క సంగతైనా చెప్పాలని ఈసారి అనిపించింది.

తొంభైల మొదట్లో పెళ్ళయి ఒడిశా కొండల్లోని లమ్తపుట్ వచ్చాను. మాది శ్రీకాకుళం పక్క పల్లె. లమ్తపుట్‌లో మా ఆయనకి కిరాణా దుకాణం ఉండేది. బేరాలన్నీ కొండవాళ్ళు మాట్లాడే దేశియాలోనో ఒడియాలోనో జరిగేవి, నాకు రెండూ రావు. ఒక మధ్యాహ్నం నన్ను దుకాణంలో కూర్చోబెట్టి ఆయన భోజనానికి వెళ్ళారు. కొండ దిగి వచ్చిన ఒక ముసలాయన మెట్టు మీద కూలబడి "పాణి, పాణి" అన్నాడు. పని అడుగుతున్నాడనుకున్నాను. "పని లేదు తాతా, ఎల్లు" అని చేత్తో సైగ చేశాను. ఆయన కాసేపు నా మొహం చూసి, లేచి వెళ్ళిపోయాడు. అడిగింది మంచినీళ్ళని ఎదురు దుకాణం వాళ్ళు పడీపడీ నవ్వుతూ చెప్పారు. వారం రోజులు వీధంతా అదే కథ. నవ్వినందుకు కాదు, దాహమన్నవాణ్ణి పొమ్మన్నందుకు నాకు తల కొట్టేసినట్టయింది. ఆ తరవాత నోరు విప్పడం మానేశాను. చివరికి అన్నయ్యకి ఉత్తరం రాశాను: వచ్చి తీసుకుపో, మళ్ళీ ఈ ఊరు రాను, అని. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పోస్టు డబ్బా మాత్రం సూరమ్మత్త గోడకే ఉండేది. అందులో ఉత్తరం వేసి తల తిప్పేసరికి ఆవిడ అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతోంది.

సూరమ్మత్త మా పక్కింటావిడ. పాత వర్తకుల కుటుంబం, పుట్టిందీ పెరిగిందీ ఆ ఊళ్ళోనే. మనిషి పొట్టి, మాట కారం. ఇంటి వెనక ఆవిడ మడిలో ఏటా నలభై క్యాబేజీలు ఉగాదికి అందొచ్చేవి. పండగ పూట వీధిలోని ప్రతి తెలుగింటికీ ఒక గడ్డ వెళ్ళాల్సిందే, ఆ రోజు అందరిళ్ళలోనూ ఆ కూర ఉడకాల్సిందే. ఆవిడకి ఉన్న గొప్ప అదొక్కటే, దాన్ని దాచుకునేది కూడా కాదు. ఉత్తరం వేసిన రెండో రోజునే కంచె మీంచి తడిగుడ్డలో చుట్టిన నారు అందించింది.

"ఇంద అమ్మీ, బంధాకోబి నారు. పది మొక్కలున్నాయి. గడ్డ కట్టీదాకా నీదే బాద్దెత" అంది.

క్యాబేజీకి అక్కడి పేరది, వినడం అదే మొదలు. పాతాను, బియ్యం కడిగిన నీళ్ళు పోశాను, పురుగు పట్టకుండా ఆకుల మీద బూడిద చల్లాను. చేయడానికి వేరే పనీ, మాట్లాడడానికి మనిషీ లేక రోజుకి నాలుగుసార్లు వాటి దగ్గరికే వెళ్ళేదాన్ని. ఉగాది వెళ్ళాక గానీ రాలేనని అన్నయ్య జవాబు రాశాడు. రెండు నెలలు కావస్తున్నా ఆకులు విచ్చుకునే ఉన్నాయి తప్ప గడ్డ జాడ లేదు. ఆలోచించాను. బంధ అంటే కట్టడమే కదా, పేరులోనే ఉంది కదా! అరటినార తడిపి, పది మొక్కల ఆకులూ పైకి ఎత్తి గట్టిగా కట్టేశాను.

మర్నాడు నీళ్ళకొచ్చిన ఆడవాళ్ళు కంచె దగ్గర ఆగిపోయారు. "ఇదేటర్రా, కోబీలకి జడలేసింది! ఆ పాణీ పిల్లేనా?" అని ఒకావిడ అంది. అందరూ నవ్వారు. నా చేతిలో చెంబు ఉంది. దాన్ని అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుందామనుకున్నాను. ఆ తలుపు వేసుకుని ఉంటే, అన్నయ్య వచ్చేదాకా తీసేదాన్ని కాదు.

"ఎవులే నవ్వుతున్నారు?" అని పక్క మడిలోంచి సూరమ్మత్త గొంతు వినబడింది. "కట్టమన్నది నానే. ఎండలు ముదురుతున్నాయి, ఇప్పుకుపోకుండా కట్టాల. మీకేటి తెల్సని?"

"మరి నీయి కట్టలేదేటి?"

"సాయంత్రం కడతాను. నీకు సెప్పి కట్టాలా?"

ఆ సాయంత్రం కంచె ఇవతల నుంచి చూశాను. ఆవిడ నడుం వంచి నలభై మొక్కలకీ నార కట్టింది. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఆ ఊరి మాట ఒకటి సరిగ్గా పట్టుకున్నానన్న ధీమా వచ్చింది. మర్నాడే దుకాణానికి వెళ్ళి మెట్టు పక్కన నీళ్ళకుండ పెట్టాను. ఎవరు వచ్చి కూర్చున్నా ముందు నేనే "పాణి?" అని అడిగేదాన్ని. ముసలాయన మాత్రం మళ్ళీ రాలేదు.

పది రోజుల తరవాత ఒక రాత్రంతా వాన కురిసింది. కట్టిన ఆకుల్లో నీళ్ళు నిలిచిపోయాయి. నావి నాలుగు కుళ్ళాయి, ఆవిడవి సగానికి పైగా పోయాయి. "వానొచ్చేసింది గదా, ఇంక ఇప్పెయ్యాల" అని మిగిలినవాటి నారలు తనే కోసేసింది. ఆ ఉగాదికి చాలా ఇళ్ళకి గడ్డ వెళ్ళలేదు. సూరమ్మ మడి ఈ యేడు మునిగిందని వీధంతా అనుకున్నారు. ఆవిడ కుళ్ళిన ఆకుల మధ్య నిలబడి మిగిలినవి కోసుకుంది.

అన్నయ్య వచ్చిన రోజున నా మొదటి గడ్డ కోశాను. సూరమ్మత్త పొయ్యి పక్కనే నిలబడి వండించింది. "మూతెట్టకు, కంపు కొడతాది. నీల్లు పొయ్యకు, దాని నీల్లే సాలు." నానిన శనగపప్పుతో మగ్గించి, దించాక ఆవ కలిపించింది. లోపలి కాడని మర్నాటి పప్పులోకి దాచమంది. అన్నయ్య రెండుసార్లు వడ్డించుకున్నాడు.

"మరి బట్టలు సర్దుకో, ఎల్దాం" అన్నాడు.

"ఇంకా ఐదు గడ్డలున్నాయి అన్నయ్యా. అయి ఎవులు సూస్తారు?"

"కోబీల కోసం ఉండిపోతావేటి?"

మిగిలిన కూర దారికని డబ్బాలో పెట్టిచ్చాను. అన్నయ్య ఒక్కడే బస్సెక్కాడు.

మరుసటేడు సూరమ్మత్త "ఈ యేడు కట్టకు, ఇది ఏరే ఇత్తనం, దానంతటదే ముడుసుకుంటాది" అంది. నమ్మాను. ఆ తరవాత ఏటా వేరే విత్తనమే వచ్చింది, ఏటా నమ్మాను. డొరగుడలో అల్యూమినా ఫ్యాక్టరీ పనులు మొదలయ్యాక దుకాణం ఆ పక్కనున్న టికిరికి మార్చాం. అక్కడి సంతలో నారు అమ్మేవాణ్ణి, అప్పటికి నాలుక తిరిగిన దేశియాలో, ఇది కట్టే రకమా కట్టని రకమా అని అడిగాను. "మావుసీ, బంధాకోబిని ఎవరైనా కడతారా?" అని అతను నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికి వచ్చే దారిలో, కుళ్ళిన ఆకుల మధ్య నిలబడ్డ సూరమ్మత్త కళ్ళ ముందు మెదిలి నా నవ్వు ఆగిపోయింది.

ఆ వారమే లమ్తపుట్ వెళ్ళాను. సూరమ్మత్తకి చూపు తగ్గింది, అయినా కత్తిపీట ముందే కూర్చుంది.

"కోబీలకి నార కట్టరటగదా అత్తా?" అన్నాను.

"ఇన్నాళ్ళకి తెలిసిందేటి?"

"సగం మడి పోయింది కదా, తెలిసుండీ ఎందుకు కట్టేవు?"

కత్తిపీట మీద చెయ్యి ఆగింది. "కోబీలు మళ్ళీ యేడు కాస్తాయమ్మీ. ఉత్తరం ఏసిననాడు నీ మొకం సూసే అందులో ఏటుందో తెలిసిపోనాది. ఆ ఉత్తరం సదివి మీ అన్న వొచ్చి తీసుకుపోతే, నువ్వు మళ్ళీ వొస్తావేటి?"

ఆవిడ కోసిన ముక్కలు కడగడానికి లేచాను.

రాయగడలో మా పెరడు చిన్నది, పన్నెండు మొక్కలు పడతాయి. పదకొండింటిని వాటి మానాన వదిలేస్తాను. పన్నెండోదానికి అరటినార కడతాను. కొన్నేళ్ళు అది కుళ్ళుతుంది, కొన్నేళ్ళు బతుకుతుంది. కంచె దగ్గర ఎవరైనా ఆగి నవ్వితే, మా సూరమ్మత్త కట్టమంది అని చెబుతాను.