ఊగుడంటే పడని థర్మన్

థర్మన్ లెడ్‌ఫర్డ్‌కి ఊగేది ఏదీ పడదు. కొందరికి పిల్లి పడదు, కొందరికి వంకాయ పడదు, కొందరికి అత్తగారంటే పడదు. ఈయనకి ఊగుడు పడదు. హోటల్లో కాఫీకి కూర్చుంటే ముందు బల్ల అంచు మీద చెయ్యి వేసి నొక్కి చూస్తాడు. అది ఇసుమంత కదిలిందా, ఇక కాఫీ చల్లారిపోవలసిందే. ఆయన బల్ల కిందికి దూరి, కాగితం మడిచి కాలి కింద దోపుతూ ఉంటాడు. తన బల్ల అయ్యాక పక్క బల్ల. ఆ బల్ల దగ్గర ఎవరైనా కూర్చుని ఉన్నారా లేదా అన్నది ఆయనకి పట్టదు.

చర్చిలో పాస్టర్ గారికి ప్రసంగం వేడెక్కితే ముందుకీ వెనక్కీ ఊగే అలవాటు. ఓ ఆదివారం ప్రార్థన ముగిశాక థర్మన్ ఆయన దగ్గరికి వెళ్లి, "మీరు బరువంతా మడమల మీద వేస్తున్నారయ్యా. పాదాలు కాస్త ఎడంగా పెట్టి చూడండి," అన్నాడు. పాస్టర్ గారు నవ్వి ఊరుకున్నారు గానీ, ఆ తర్వాత ఎప్పుడూ ముందున్న ప్రసంగ పీఠాన్ని రెండు చేతులా పట్టుకోకుండా నోరు విప్పలేదు.

ఆ కొండ ప్రాంతంలో ఏ ఇంటి వసారా చూసినా ఓ ఊగే కుర్చీ ఉంటుంది. థర్మన్ వాళ్ల వసారాలోనూ ఉంది. కాకపోతే దానికి ముందో ఇటుక, వెనకో ఇటుక.

"ఇది ఊగే కుర్చీ అయ్యా. ఊగడానికే చేశారు," అంది ఆయన భార్య వెల్డా.

"చేసినవాడి బుద్ధి అలా ఉంది, మనమేం చేస్తాం," అన్నాడాయన.

అలాంటి మనిషి పోయి పోయి కొన్నది అరవై ఏడు నాటి ఇంపాలా కారు. మన గుమ్మం ముందు ఆపితే పక్కింటివాళ్ల గుమ్మానికి కూడా అడ్డం వచ్చేంత పొడుగు. తిన్నని రోడ్డు మీద పరుపు మీద పడుకున్నంత హాయిగా పోతుంది. మలుపు తిరగమంటేనే దానికి బద్ధకం. ఒళ్లు బరువైన పెద్దమ్మ సోఫాలోంచి లేచినట్టు ముందు ఒక పక్కకి ఒరిగి, కాస్త ఆలోచించి, అప్పుడు కదులుతుంది. వెల్డా అన్నయ్య హోయ్ట్ దాన్ని చూసి పడీ పడీ నవ్వాడు.

"బావా, ఊగుడంటే పడదంటావు, ఉయ్యాల కొనుక్కొచ్చావేంటి?"

"దీనిచేత మాన్పిస్తాను."

"ఎందుకొచ్చిన గొడవ? ఊగని బండే కొనుక్కోవచ్చుగా."

"కొత్తవాటిలో సీట్లు గట్టి. ఇందులో సీటు మెత్తగా ఉంటుంది," అన్నాడు థర్మన్. ఆ మాట అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు.

అది మొదలు ఆయన సాయంత్రాలన్నీ బండి కిందే. మిల్లులో పని దిగి రావడం, నడుం వాల్చడం, అదీ నేల మీద, ఇంపాలా కింద. వెల్డా భోజనానికి పిలవాలంటే బూట్లతో మాట్లాడాలి. మెత్తబడిన స్ప్రింగులు తీసి గట్టివి వేశాడు. కుదుపులు మింగే షాకులు మార్చాడు. ముందు చక్రాలు రెంటినీ అడ్డంగా కలిపే ఇనుపకడ్డీ సన్నగా ఉందని దాన్ని పీకి రోకలంత లావుది బిగించాడు. వెనక అసలు కడ్డీయే లేదు, అక్కడా ఒకటి పెట్టాడు. ఇదంతా అయ్యాక హోయ్ట్‌ని పక్కన కూర్చోబెట్టుకుని స్పైసర్ కొండ దారిలో కొంత దూరం పోయి వచ్చాడు. వచ్చేసరికి హోయ్ట్ కట్టుడుపళ్లు హోయ్ట్ ఒళ్లో ఉన్నాయి.

"ఊగడం లేదు బావా, ఒప్పుకుంటాను," అన్నాడతను పళ్లు తుడుచుకుంటూ. "చంపుతోంది, అంతే."

థర్మన్ మళ్లీ బండి కిందికి దూరాడు. గట్టి స్ప్రింగులు తీసి కొంచెం మెత్తనివి వేశాడు. మెత్తనివి వేస్తే ఒరుగుతుంది, గట్టివి వేస్తే ఎగురుతుంది. ఈ రెంటి మధ్యా ఎక్కడో ఓ చోటుందని ఆయన నమ్మకం. ఆ చోటు వెతుక్కుంటూ ఏళ్ల తరబడి నట్లు బిగించడం, విప్పడం, కొండ దారిలో నాలుగు మలుపులు తిరిగి రావడం, పెదవి విరవడం.

"ఎలా ఉంది?" అని వెల్డా అడిగేది.

"ఇంకా కాస్త ఊగుతోంది," అనేవాడు. ఆ మాట వినీ వినీ వెల్డాకి ఒళ్లు మండేది.

ఒళ్లు మండడానికి అంతకంటే పెద్ద కారణం ఇంకొకటి ఉంది. బండిలో డ్రైవరు పక్క సీట్లో ఎప్పుడూ ఓ కోళ్ల దాణా బస్తా కూర్చుని ఉండేది. కూర్చుని ఉండేది అంటే మాట వరసకి కాదు. దానికి బెల్టు కూడా పెట్టేవాడు. పెట్రోలు బంకు దగ్గర కుర్రాళ్లు, "థర్మన్, ఆవిడేమైనా తాగుతుందా?" అని అడిగేవారు. ఊరంతా కలిసి ఆ బస్తాకి వెల్డా సవతి అని పేరు పెట్టేసింది. జుట్టు కత్తిరించే కొట్లో వెల్డా కూర్చోగానే మొదలుపెట్టేవారు.

"నీ సవతిని నిన్న చూశాం వెల్డా. బెల్టు పెట్టుకుని బుద్ధిగా కూర్చుంది."

"నీకంటే తక్కువ మాట్లాడుతుందట కదా, థర్మన్ చెప్పాడు."

వెల్డా పైకి నవ్వేది. ఇంటికొచ్చి గిన్నెలు విసిరేది. ఒకసారి ఉండబట్టలేక, "ఆ బస్తాని దించు. నేనెక్కుతాను," అంది.

"ఇంకా కాలేదు," అన్నాడు థర్మన్.

"బస్తాకి అయింది గానీ నాకు కాలేదా?"

ఆయన బండి కిందికి జారిపోయాడు. బూట్లు మాత్రం కాస్త సిగ్గుపడ్డట్టు ముడుచుకున్నాయి.

అసలు వెల్డా తమ బండెక్కడం ఊళ్లో ఎవరికీ ఇష్టం ఉండదు. దానికి కారణం ఆవిడ కడుపు. తిన్నని రోడ్డు మీద రాణిలా కూర్చుంటుంది. మలుపు వచ్చిందా, ముఖం పచ్చబడిపోయి, కడుపులో ఉన్నదంతా బయటికి వచ్చేస్తుంది. ఆవిడ పుట్టిల్లేమో స్పైసర్ కొండ నెత్తిన. ఆ దారి వేసినవాడు తిన్నగా వెయ్యడం అనే విద్య నేర్చుకోలేదు. అల్లం నమిలి చూసింది. వెనక్కి తిరిగి కూర్చుని చూసింది. మాత్ర వేసుకుంటే, పైకి చేరాక రోజంతా నిద్రపోయి, కిందికి దిగాక లేచింది. వాళ్లమ్మను ఆ కొండ మీద పూడ్చిన రోజున వెల్డా కారు వెనక సీట్లో తల ఎత్తలేక పడుకుని, పాట మాత్రం చెవులతో విన్నది. ఆ తర్వాత మళ్లీ పైకి వెళ్లలేదు. అమ్మ సమాధి ఎలా ఉంటుందో ఆవిడ కళ్లతో చూడలేదు.

ఏటా మే నెలలో ఓ ఆదివారం అక్కడ అలంకరణ పండగ. కొండ మీది కుటుంబాలన్నీ సమాధుల చుట్టూ గడ్డి చెక్కి, మట్టి ఎగదోసి, పూలు పెట్టి, పాటలు పాడి, అక్కడే బల్లలు వేసుకుని భోంచేస్తారు. వెల్డా ఎండు ఆపిల్‌పళ్ల గుజ్జు పరిచి పొరలు పొరలుగా కేకు చేసి అన్నయ్య చేతికిచ్చి పంపేది. కేకు ఏటా వెళ్లేది, ఆవిడ మాత్రం వెళ్లేది కాదు.

ఆ ఏడు పండగ దగ్గరికొస్తుండగా పైనుంచి అక్క ఇమొజీన్ ఫోన్ చేసింది.

"నీ తరఫున అమ్మకి పూలు పెట్టడం ఇక నావల్ల కాదే. నువ్వొస్తే నువ్వు పెట్టుకో, లేకపోతే లేదు. అందరూ అడుగుతుంటే ఏం చెప్పను? నా చెల్లెలికి అమ్మ కంటే కడుపు ముఖ్యమని చెప్పనా?"

వెల్డా ఫోను పెట్టేసి తిన్నగా షెడ్డులోకి నడిచింది.

"నేను వెళ్తున్నాను. అన్నయ్య వ్యానులో. దారంతా కక్కుకుంటూ అయినా సరే వెళ్తాను."

బండి కింది నుంచి థర్మన్ తల బయటికి వచ్చింది. "ఇంకొక్క వారం ఆగు. వెనక స్ప్రింగు కాస్త..."

"పెళ్లినాటి నుంచి ఆగుతున్నానయ్యా. మా వాళ్లు నన్ను మర్చిపోయారు. నీకు నీ కడ్డీలు, నీ స్ప్రింగులు, నీ బస్తా." ఆ చివరి మాటతో ఆవిడకి కసి పుట్టింది. తలుపు తీసి, బెల్టు విప్పి, బస్తాని కిందికి లాగింది. "దీన్నిప్పుడే కోళ్లకి పోస్తాను."

"పొయ్యకు వెల్డా. మళ్లీ తూచాలి," అంటూ థర్మన్ ఒళ్లంతా గ్రీజుతో పాక్కుంటూ వచ్చాడు.

"తూచడమేంటి?"

వెల్డా బస్తాకేసి చూసింది. పెద్ద బస్తాకి ఓ చిన్న సంచి తాడుతో కట్టి ఉంది.

"ఈ చిన్నదేంటి?"

"అది మొన్న క్రిస్మస్ తర్వాత కట్టాను," అన్నాడు థర్మన్ చూపు తిప్పుకుని.

క్రిస్మస్ తర్వాత తన గౌన్లన్నీ బిగుతైన సంగతి వెల్డాకి గుర్తొచ్చింది. ఆవిడ ముఖం ఎర్రబడింది. తన బరువెంతో ఆవిడ డాక్టరుకి కూడా సరిగ్గా చెప్పదు.

"నా బరువు నీకెలా తెలుసు?"

"పుట్టినరోజుకి ఎత్తుకుంటానుగా. మిల్లులో పత్తి బేళ్లు ఎత్తే చెయ్యి. అటూ ఇటూగా తెలిసిపోతుంది."

ఏటా పుట్టినరోజు పొద్దున మొగుడు వంటింట్లోకొచ్చి తనని అమాంతం పైకెత్తి దించడం వెల్డాకి ఉన్న ఒకే ఒక్క ముచ్చట. అది తూకమని ఇన్నాళ్లకి తెలిసింది.

"బండి ఒరగడం సీట్లో ఉన్న బరువుని బట్టి ఉంటుంది," అన్నాడాయన నేలకేసి చూస్తూ. "నువ్వు కూర్చుంటే ఎంత ఒరుగుతుందో తెలియాలి కదా. నిన్నే కూర్చోబెట్టి చూద్దామంటే, చూసినప్పుడల్లా నీకు కడుపులో తిప్పుతుంది. అందుకని బస్తా."

"ఇదంతా నాకోసమా?"

"మీ అమ్మని పూడ్చిన రోజున నువ్వు వెనక సీట్లో పడుకుని ఏడ్చావు. నాకు ఊగుడు పడకపోవడం ఆ రోజు నుంచే."

"మరి చెప్పొచ్చుగా."

"కుదరకపోతే? ఆశపెట్టి మళ్లీ ఏడిపించినట్టు అవుతుంది."

వెల్డా కాసేపు ఆ బస్తా మీదే కూర్చుంది. ఆయన మీద ఇంత కోపం, ఇంత ప్రేమ ఒక్కసారే రావడం ఆవిడకి అదే మొదలు. లేచి, "ఆదివారం నేను ఇందులోనే వస్తాను. ఊగితే ఊగనీ," అంది.

ఆదివారం పొద్దున ఒళ్లో కేకు, చేతిలో పూలు పట్టుకుని ఎక్కింది. వెనక వ్యానులో హోయ్ట్ కుటుంబం. హోయ్ట్ ముందు జాగ్రత్తగా ఓ బకెట్టు కూడా తెచ్చి, "ఉంచుకోవే," అంటూ అందించబోయాడు. థర్మన్ దాన్ని తిప్పి పంపాడు.

మొదటి మలుపుకి వెల్డా కళ్లు మూసుకుంది. బండి తిరిగింది, ఆవిడ మాత్రం సీట్లో ఎక్కడున్నది అక్కడే ఉంది. రెండో మలుపుకి ఓ కన్ను తెరిచింది. థర్మన్ రోడ్డు చూడడం లేదు, ఆవిడ గొంతు కేసి చూస్తున్నాడు.

"ముందుకి చూసి నడుపు," అంది.

"ఎలా ఉంది?"

"నడుపు."

సగం కొండ ఎక్కాక, "ఆపు," అంది వెల్డా. థర్మన్ ముఖం పాలిపోయింది. బండి పక్కకి తీసి, గబగబా చుట్టూ తిరిగి వచ్చి తలుపు తీశాడు. వెనక హోయ్ట్ బకెట్టుతో పరుగెత్తుకొచ్చాడు. వెల్డా కిందికి దిగి, రోడ్డు అంచున నిలబడి, ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఇక్కణ్నుంచి మన ఊరంతా కనిపిస్తుందని అక్క చెప్పేది. నేనెప్పుడూ కళ్లు తెరిచి రాలేదు," అంది. బకెట్టు పట్టుకున్న అన్నయ్యకేసి చూసి, "నీకేమైనా తిప్పుతోందా?" అని అడిగింది.

పైన ఇమొజీన్ చెల్లెల్ని చూసి పరిగెత్తుకొచ్చి, ముందు తిట్టి, తర్వాత కావలించుకుంది. వెల్డా అమ్మ సమాధి దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, మట్టిని తన చేతులతో ఎగదోసి, పూలు పెట్టింది. "వచ్చానమ్మా," అంది. పాట మొదలైతే అందరికంటే గట్టిగా పాడింది. భోజనాల దగ్గర వేయించిన కోడి, చిక్కుళ్లు, మొక్కజొన్న రొట్టె, అరటిపండు పుడ్డింగు, ఏదీ వదల్లేదు. కొండ మీద ఆవిడ కడుపు నిండా తినడం పెళ్లయ్యాక అదే మొదటిసారి. థర్మన్ ఏమీ తినకుండా ఆవిడ పళ్లెం చూస్తూ కూర్చున్నాడు.

"అంత తినకే, దిగేటప్పుడూ మలుపులేగా," అంది ఇమొజీన్.

"నెమ్మదిగా తీసుకుపోతానులెండి," అన్నాడు థర్మన్.

వెల్డా నోరు తుడుచుకుని లేచింది. "వచ్చిన దారిన వద్దు. వాగు పక్కన ఇంకో దారి ఉందటగా."

"అందులో మలుపులు దీనికి రెట్టింపు వెల్డా."

"తెలుసు," అంది ఆవిడ బండికేసి నడుస్తూ. "కాస్త వేగంగా పోనియ్యి."